ఏసీ గ్యాసు ఏటేటా అయిపోతుందా?

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దలంటారు. అది వెళ్ళిన వారం పది రోజులకే, నాలుగు నెలలుగా ఎవరూ ముట్టుకోని ఏసీ రిమోటు కోసం ఇంట్లో వెతుకులాట మొదలవుతుంది, ఆ వెనుకే ఈ శీర్షికకు ఉత్తరాలు రావడమూ మొదలవుతుంది. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ మందికి పనికివచ్చే ఏడింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. పాఠకుల పేర్లు వేయడం లేదు గాని ఊళ్ళు మాత్రం ఉంచాను, ఎందుకంటే ఏసీకి వచ్చే జబ్బు చాలావరకు ఆ ఊరి గాలిని బట్టే ఉంటుంది.

ప్రశ్న: మా ఇంట్లో ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ కొని నాలుగేళ్ళయింది. ప్రతి మార్చిలో మెకానిక్ వచ్చి, మీటరు పెట్టి చూసి, గ్యాసు తగ్గిందని చెప్పి నింపి వెళుతున్నాడు. పోయినేడాది మూడు వేలు తీసుకున్నాడు. స్కూటరులో పెట్రోలులాగా ఏసీలో గ్యాసు కూడా వాడే కొద్దీ అయిపోతుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అయిపోదు. పెట్రోలు ఇంధనం, మండి, బండిని నడిపి, పొగగా పోతుంది. ఏసీలోని గ్యాసు బావి గిలక మీద తిరిగే చేద వంటిది. లోపలి యూనిట్‌లోని కూలింగ్ కాయిల్‌లో ద్రవం నుంచి ఆవిరిగా మారుతూ గదిలోని వేడిని నింపుకుంటుంది, కంప్రెసర్ ఒత్తిడితో బయటి యూనిట్‌కు చేరి అక్కడి కాయిల్‌లో ఆ వేడిని వదిలేసి, మళ్ళీ ద్రవమై వెనక్కి వస్తుంది. గొట్టాల వలయమంతా మూసి ఉంటుంది కనుక, ఎక్కడా చిల్లు పడనంత కాలం మొదట నింపిన గ్యాసే యంత్రం ఉన్నన్నాళ్ళూ ఉండాలి. నాలుగేళ్ళలో నాలుగుసార్లు నింపవలసి వచ్చిందంటే, ఎక్కడో నిజంగా కారుతూ ఉండాలి, లేదా గ్యాసు తగ్గకుండానే తగ్గిందని అనుకుంటూ ఉండాలి. నేను చూసినంతలో రెండవది అరుదేమీ కాదు.

అదెలాగో కొంచెం వివరంగా చెప్పాలి. మెకానిక్ బయటి యూనిట్ వాల్వుకు తగిలించే మీటరు చూపేది లోపల ఎంత గ్యాసు ఉన్నదో కాదు, ఆ క్షణాన కాయిల్ నుంచి తిరిగి వస్తున్న ఆవిరి ఒత్తిడి ఎంతో. ఫిల్టర్ జాలీ దుమ్ముతో మూసుకుపోతే కాయిల్ మీదికి గది గాలి సరిగా చేరదు. గాలి చేరకపోతే గ్యాసుకు తగినంత వేడి దొరకదు. వేడి దొరకని గ్యాసు సరిగా ఆవిరి కాక ఒత్తిడి పడిపోతుంది, మీటరు ముల్లు కిందికి దిగుతుంది. గ్యాసు నిజంగా తగ్గినప్పుడు కూడా ముల్లు దిగడమే కనిపిస్తుంది. ఏది ఏదో తేలాలంటే ముందు జాలీని, కాయిల్‌ను, బ్లోయర్‌ను కడిగి, యంత్రాన్ని పావుగంట నడిపి, ఆ తరువాతే మీటరు పెట్టాలి. అలా కాకుండా వచ్చీ రాగానే మీటరు పెట్టి, గ్యాసు ఎక్కించి, చివరలో జాలీ కడిగి వెళ్ళిపోతే, అక్కరలేని గ్యాసు లోపలికి చేరి, శుభ్రమైన జాలీ గుండా గాలి బాగా ఆడడం మొదలవగానే ఒత్తిడి ఉండవలసిన దానికంటే పెరిగి, కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగుతూ వేడెక్కుతుంది. ఇన్వర్టర్ ఏసీలలో కంప్రెసర్ వేగం గది వేడిని బట్టి తనంతట తానే మారుతూ ఉంటుంది కనుక, ఒక్క మీటరునే నమ్ముకోవడం ఇంకా పొరపాటు. ఎంత గ్యాసు ఉండాలో బయటి యూనిట్ మీద అంటించిన పట్టీలో రాసి ఉంటుంది. ఇళ్ళలో వాడే ఏసీలకు అది సాధారణంగా ఒక కిలోకు అటూ ఇటూ. ఆ లెక్క ప్రకారం త్రాసులో తూచి నింపడమే సరైన పద్ధతి.

ఇక నిజంగానే కారుతున్నదనుకుందాం. అప్పుడు కూడా గ్యాసు నింపడం చివరి పని, మొదటి పని కాదు. ముందుగా లోపలి యూనిట్ వెనుకా, బయటి యూనిట్ వాల్వుల దగ్గరా గొట్టాలను బిగించిన నట్లను చూడాలి. గ్యాసుతో పాటు కంప్రెసర్ నూనె కూడా వలయంలో తిరుగుతుంది కనుక, కారే చోట తరచుగా నూనె జిడ్డు మరక కనిపిస్తుంది. కనిపించకపోతే నైట్రోజన్ గ్యాసుతో ఒత్తిడి పెట్టి సబ్బు నురుగు రాసి వెతకాలి. కొన్నిసార్లు చిల్లు కాయిల్‌లోనే ఉంటుంది. కొత్త ప్లైవుడ్ జిగుర్ల నుంచీ, కొన్ని రకాల శుభ్రపరిచే ద్రవాల నుంచీ వచ్చే ఆవిర్లు రాగిని లోలోపల వంకరటింకరగా తొలుస్తాయి. ఆ దారులు చీమల పుట్టలోని దారుల్లా ఉంటాయని ఆ తుప్పుకు ఇంగ్లీషులో చీమలపుట్ట పేరే పెట్టారు. చిల్లు మూసిన తరువాత వాక్యూమ్ పంపుతో గొట్టాలలోని గాలిని, తేమను పూర్తిగా లాగివేయాలి. తేమ మిగిలితే నూనెతో కలిసి ఆమ్లంగా మారి కంప్రెసర్‌ను లోపలి నుంచే తింటుంది. వాక్యూమ్ పంపు తేకుండా, కొంచెం గ్యాసు వదిలి దానితోనే గాలిని బయటికి నెట్టి సరిపెట్టే అలవాటు మన ఊళ్ళలో చాలా ఉన్నది, దానికి ఒప్పుకోవద్దు.

ఈ కారే గ్యాసు మీ డబ్బుకు మాత్రమే నష్టం కాదు. పాత ఏసీలలోని ఆర్ 22 రకం గ్యాసు ఓజోన్ పొరకు హాని చేస్తుందనే, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దానిని క్రమంగా తొలగిస్తున్నారు. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ఆర్ 32 ఓజోన్ జోలికి పోదు గాని, బరువుకు బరువు చూస్తే భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడుకు 675 రెట్లు. ఏటా కిలో గ్యాసు గాలిలో కలిపి, ఏటా కిలో కొనుక్కోవడం ఏ లెక్కన చూసినా నష్టమే.

ఈ మార్చిలో మెకానిక్ రాగానే ముందు కడగమనండి, తరువాత చూడమనండి, నింపవలసి వస్తే ఎక్కడ కారిందో చూపించమనండి. ఇంత చెబుతున్న నేను ఊళ్ళో లేని రోజున మా ఇంట్లోనే ఒక మెకానిక్ గ్యాసు నింపి డబ్బు తీసుకుని వెళ్ళాడు. తిరిగి వచ్చి మూత తెరిస్తే, జాలీ మీద దుమ్ము దుప్పటిలా అలాగే ఉన్నది.

ప్రశ్న: హైదరాబాదులో అపార్టుమెంటులో ఉంటున్నాం. ఏడాదికి రెండుసార్లు సర్వీసింగ్ చేయిస్తున్నా, నెల తిరిగేసరికి గాలి విసురు తగ్గుతున్నది, వేయగానే తడిగుడ్డ వాసన వస్తున్నది. ఇంట్లోవాళ్ళం చేసుకోదగిన పని ఏమైనా ఉన్నదా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ఉన్నది, పైగా అసలు పని అదే. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు. గదిలో ఉన్న గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది. అందువల్ల పక్క వంటగదిలో వేసిన పోపు పొగ, దేవుడి దగ్గర వెలిగించిన అగరుబత్తి మసి, పరుపు దులిపితే లేచిన నూగు, పక్క స్థలంలో కడుతున్న భవనం సిమెంటు, అన్నీ ఆ జాలీ దగ్గరికే చేరతాయి. ఏసీ రోజూ వాడే కాలంలో పదిహేను రోజులకొకసారి జాలీ కడగాలి. ఎంసీబీ, అంటే కరెంటు బోర్డులో ఏసీకి ఉండే రక్షణ స్విచ్చి, కట్టేసి, ముందు మూత ఎత్తి, జాలీలను బయటికి లాగి, దుమ్ము లేని వైపు నుంచి కుళాయి నీరు పడేలా పట్టుకుంటే పేరుకున్న మట్టి తెరలా ఊడి వస్తుంది. జిడ్డు ఉంటే గోరువెచ్చని నీటిలో నాలుగు చుక్కల గిన్నెలు తోమే ద్రవం చాలు. వేడి నీరు వద్దు, ఎండలో ఆరవేయవద్దు, ప్లాస్టిక్ చట్రం వంగి మళ్ళీ గాడిలో కూర్చోదు. నీడన ఆరే అరగంట కోసం తొందరపడి జాలీ లేకుండా ఏసీ నడపవద్దు, ఆ దుమ్మంతా తడి కాయిల్ మీద బురదలా అంటుకుంటుంది.

మీ తడిగుడ్డ వాసన జాలీ నుంచి కాక, దాని వెనుక ఉన్న కాయిల్ నుంచీ, పొడవాటి బ్లోయర్ చక్రం నుంచీ వస్తున్నది. గదిలోని తేమ కాయిల్ మీద నీరుగా మారుతుంది. ఏసీ కట్టగానే ఆ తడి చీకటిలో అలాగే మిగిలి బూజు పెరుగుతుంది. పడుకునే ముందు కాకపోయినా, ఉదయం కట్టే ముందు అరగంట ఫ్యాన్ మోడ్‌లో నడిపితే కాయిల్ ఆరుతుంది. కొన్ని కొత్త ఏసీలు కట్టిన తరువాత కూడా కొద్దిసేపు ఫ్యాను తమంతట తామే తిప్పుకుంటాయి, అది లోపమనుకుని మెయిన్ కట్టేయవద్దు. సర్వీసింగ్‌కు వచ్చినవారు కాయిల్ మీద నీళ్ళు కొట్టి, బ్లోయర్ రెక్కల సందుల్లోని మట్టిని వదిలేయడం మామూలు. మీ గాలి విసురు తగ్గడానికి కారణం అక్కడే ఉండవచ్చు. ఈసారి చేతిలో టార్చి పట్టుకుని, గాలి వచ్చే సందులో నుంచి బ్లోయర్‌ను మీరే చూడండి. రెక్కల అంచులు నల్లగా, మందంగా కనిపిస్తే కడగలేదన్నమాట.

బయటి యూనిట్ సంగతి చాలామందికి గుర్తుండదు. అది వదిలే వేడిగాలికి ముందు అడ్డు ఉండకూడదు, వెనుక గాలి పీల్చడానికి చోటు ఉండాలి. బాల్కనీలో పెట్టి చుట్టూ తలుపులు బిగించడం, దాని మీద బట్టలు ఆరవేయడం, పావురాలు గూడు పెట్టినా చూడకపోవడం వల్ల అది తాను వదిలిన వేడినే తిరిగి పీల్చుకుంటుంది. పావురాల వల పెట్టించండి. వానకు తడుస్తుందని గోనెసంచో, ప్లాస్టిక్ తొడుగో వేయవలసిన పని లేదు, తొడుగులో తేమ నిలిచి తుప్పే ఎక్కువవుతుంది.

శుభ్రమైన ఏసీని 18 దగ్గర పెట్టవలసిన అవసరం రాదు. ఇంధన సామర్థ్య బ్యూరో నిబంధన ప్రకారం 2020 జనవరి 1 నుంచి స్టార్ గుర్తు ఉన్న గది ఏసీలన్నీ వేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలు కావాలి. ఒక్కో డిగ్రీ పెంచిన కొద్దీ సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఆ సంస్థ లెక్క.

ప్రశ్న: ఏసీ నీరు గోడ వెంట ఇంట్లోకి కారుతున్నది. అలాగే, బయటికి వచ్చే నీటిని పట్టి ఇన్వర్టర్ బ్యాటరీలో పోయవచ్చని మా బావగారు అంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: నీరు కారడానికి చాలావరకు కారణం, నీరు బయటికి పోయే డ్రెయిన్ పైపులో పట్టిన పాచి. కాయిల్ కింద ఉండే తొట్టిలో దుమ్ము, తేమ కలిసి జిగురు తయారై పైపుకు బిరడా అవుతుంది, నీరు తొట్టి అంచు దాటి గోడ మీదికి వస్తుంది. మెకానిక్ గాలి పంపుతోనో, నీటి ధారతోనో ఊదితే పోతుంది. పైపు చివరిని బకెట్టులో ముంచి పెట్టారేమో కూడా చూడండి. చివర నీటిలో మునిగితే లోపలి గాలికి దారి లేక ధార ఆగుతుంది. మంచు గడ్డకట్టి, కరిగి నీళ్ళు కారుతున్నట్లయితే అది వేరే సంగతి, ముందు జాలీ చూడండి.

బ్యాటరీలో పోయవద్దు. అది ఆవిరి నుంచి పుట్టిన నీరే అయినా, కాయిల్ మీది దుమ్మును, లోహపు రేణువులను కడుక్కుంటూ వస్తుంది. తాగడానికీ పనికిరాదు. మొక్కలకు, ఇల్లు తుడవడానికి మాత్రం నిక్షేపంలా వాడుకోవచ్చు. వానాకాలపు ఉక్కపోతలో రోజుకు బకెట్టు నిండవచ్చు.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి దగ్గర. మూడేళ్ళకే బయటి యూనిట్ రేకులు తెల్లని పొడిగా రాలిపోతున్నాయి. నీలిరంగు పూత ఉన్నదే కొన్నాం.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఉప్పుగాలి పని అది. బయటి కాయిల్‌లో చాలావరకు రాగి గొట్టాలకు పల్చని అల్యూమినియం రేకులు తొడిగి ఉంటాయి. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పునీటి తడి చేరితే సన్నని విద్యుత్ చర్య మొదలై, వాటిలో బలహీనమైన అల్యూమినియం కరిగి తెల్లని పొడి అవుతుంది. రేకులు పోతే గొట్టం మిగిలినా వేడి వదలదు, యంత్రం రోజంతా ఆడినా గది చల్లబడదు. నీలిరంగు పూత ఈ పనిని ఆలస్యం చేస్తుంది, ఆపదు. పూత మీద గీత పడిన చోట మొదలే అవుతుంది.

మీరు చేయగలిగినది ఉప్పును నిలవనివ్వకపోవడం. నెలకొకసారి ఎంసీబీ కట్టేసి, చేతికి సురక్షితంగా అందే చోట ఉంటే, మామూలు మంచినీటిని మెత్తని ధారగా కాయిల్ మీద పోయండి. బోరు నీరు ఉప్పగా ఉంటే అది వద్దు. ఎక్కువ ఒత్తిడి ఉన్న ధార రేకులను పడుకోబెట్టేస్తుంది. తళతళలాడిస్తామని ఆసిడ్ కలిపిన ద్రవాలు తెచ్చేవారిని దగ్గరికి రానివ్వకండి, ఉప్పు మూడేళ్ళలో చేసే పని ఆసిడ్ మూడు సర్వీసింగులలో చేస్తుంది. వీలున్నచోట సముద్రం వైపు గోడ మీద కాకుండా పక్క గోడకు పెట్టించాలి.

రేకులకంటె ముందు చూడవలసింది ఇంకొకటి ఉన్నది: యూనిట్‌ను మోస్తున్న ఇనుప స్టాండు, దాని బోల్టులు. మూడో అంతస్తు గోడకు ముప్పై కిలోల యంత్రం తుప్పు బోల్టుల మీద వేలాడుతుంటే కింద నడిచేవారికి ప్రమాదం. స్టాండు పొరలుగా లేస్తున్నట్లయితే రంగు వేసి కప్పకుండా మార్పించండి.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అబ్బాయి ఏసీ ఫిల్టర్ కడగడట, మూడు నెలలకొకసారి పారేసి కొత్తది పెడతాడట. అంత దుబారా ఎందుకని అడిగితే నవ్వాడు. మనం కూడా అలా మార్చాలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ అబ్బాయి చేస్తున్నది సరైనదే, మీరు కడగడమూ సరైనదే. అక్కడి ఇళ్ళలో సాధారణంగా ఇల్లంతటికీ ఒకే యంత్రం ఉండి, గొట్టపు దారులగుండా అన్ని గదులకూ గాలి పంపుతుంది. దానికి పెట్టేది మడతలు మడతలుగా ఉన్న దళసరి కాగితం వంటి ఫిల్టర్, తడిస్తే పాడవుతుంది, అందుకే ఒకటి నుంచి మూడు నెలలకు మారుస్తారు. మన స్ప్లిట్ ఏసీలోది నైలాన్ వల. పెద్ద దుమ్మును ఆపి కాయిల్‌ను కాపాడడం వరకే దాని పని. సన్నని ధూళి నుంచి ఊపిరితిత్తులను కాపాడుతుందని దాని మీద పల్చని గుడ్డలు, స్పాంజీలు పరిచేవారున్నారు. గాలికి దారి తగ్గి కాయిల్ మీద మంచు పడుతుంది, ఆ పని చేయకండి.

ప్రశ్న: ఏసీ ప్లగ్గు దగ్గర కాలిన వాసన వస్తున్నది. కంప్రెసర్లు పేలాయన్న వార్తలు చూసి భయమేస్తున్నది.
– ఒక పాఠకుడు, రామగుండం

జవాబు: కాలిన వాసన వచ్చిన ప్లగ్గును ఇక వాడవద్దు, ఈరోజే ఎంసీబీ కట్టేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మామూలు ఒకటిన్నర టన్నుల ఏసీ పూర్తి బలంతో నడిచేటప్పుడు ఏడెనిమిది ఆంపియర్లు గంటల తరబడి లాగుతుంది. సాకెట్‌లో స్క్రూ కొంచెం వదులైనా అక్కడే వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. బోర్డు నుంచి ఏసీకి విడిగా, తగినంత మందం ఉన్న రాగి తీగ, సొంత ఎంసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఏసీ నడపడం ఎప్పటికీ పనికిరాదు. ఏటా సర్వీసింగ్‌లో ఈ స్క్రూలన్నీ బిగించి చూడాలని అడగండి. బయటి యూనిట్ మూత మాత్రం మీరు తెరవకండి, కరెంటు కట్టిన తరువాత కూడా కెపాసిటర్‌లో కొంతసేపు షాక్ కొట్టేంత విద్యుత్తు నిలిచి ఉంటుంది. బల్లులు, చీమలు లోపలి సర్క్యూట్ బోర్డు మీదికి చేరి దానిని కాల్చేయడం మన దగ్గర రోజూ చూసేదే. మీ దగ్గర బొగ్గు ధూళి కూడా ఎక్కువ కనుక, బయటి కాయిల్‌ను వేసవిలో నెలకొకసారి కడిగించడం మంచిది.

పేలుళ్ళ సంగతి. వాడుకలో ఉన్న, శుభ్రంగా ఉన్న ఏసీ ఊరికే పేలదు. ప్రమాదం ఎక్కువగా మరమ్మతు వేళ ఉంటుంది. ఆర్ 32 కొద్దిగా మండే స్వభావం ఉన్నది, కొన్ని ఏసీలలో వాడే ఆర్ 290 అంటే ప్రొపేన్, బాగా మండుతుంది. గొట్టాలలో గ్యాసు ఉండగానే వెల్డింగ్ చేయడం, లీకు వెతకడానికి నైట్రోజన్‌కు బదులు ఆక్సిజన్ సిలిండరు తగిలించడం, ఇల్లు మారేటప్పుడు గ్యాసును బయటి యూనిట్‌లోకి లాగుతూ వదులైన నట్టు గుండా గాలిని కూడా లోపలికి పీల్చనివ్వడం, ఈ మూడూ ప్రాణాంతకమైనవి. లోపలి నూనెకు ఒత్తిడిలో గాలిగాని ఆక్సిజన్‌గాని కలిస్తే బాంబు అవుతుంది. మెకానిక్ తెచ్చిన సిలిండరు ఏమిటని అడగడం అవమానించడం కాదు.

ప్రశ్న: ఏడాది కాంట్రాక్టు తీసుకోవడం లాభమా, అవసరమైనప్పుడు పిలిపించుకోవడం లాభమా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కొత్త ఏసీకి, హామీ కాలం నడుస్తుండగా, కాంట్రాక్టు అంత అవసరం లేదు. హామీ ఎన్నేళ్ళని కాక దేనికని చదవండి. కంప్రెసర్‌కు పదేళ్ళిచ్చి, గ్యాసుకు, మెకానిక్ రాకకు, సర్క్యూట్ బోర్డుకు వేరే లెక్క పెట్టడం ఉంటుంది. ఐదారేళ్ళు దాటిన యంత్రానికి, విడిభాగాలు, గ్యాసు కూడా కలిసిన కాంట్రాక్టయితే ఆలోచించవచ్చు. కేవలం కడగడానికయితే ఫిబ్రవరిలో ఒకసారి, వానాకాలం ముగిశాక ఒకసారి మీరే పిలిపించుకోవడం చాలు. మే నెలలో పిలిస్తే ఆయనకు రోజుకు పది ఇళ్ళు, మీ బ్లోయర్‌ను చూసే తీరిక ఉండదు.

ఎవరు చేసినా, చేసిన తరువాత పావుగంట ఆగి, మామూలు థర్మామీటరుతో ఏసీ పీల్చే గాలి, వదిలే గాలి రెండూ కొలవండి. పూర్తి వేగంతో నడుస్తున్నప్పుడు రెండింటికీ తేడా సుమారు 8 నుంచి 12 డిగ్రీలు ఉండాలి, ఉక్కపోత రోజుల్లో కొంచెం తక్కువ ఉండవచ్చు. ఆ అంకెను, తేదీని, గ్యాసు నింపితే ఎన్ని గ్రాములో ఒక చిన్న పుస్తకంలో రాసి, బిల్లుతో పాటు ఉంచండి. వచ్చే ఏడాది మీటరు ముల్లు దిగిందని ఎవరైనా అంటే, పోయినేడు ఎన్ని గ్రాములు పోశారో ఆ పుస్తకం తీసి చూపవచ్చు.